మొక్క వయసు చూసి కోద్దాం
(ఉయ్యూరులో జరిగిన సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మూలికల సాగు సంఘాల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఉయ్యూరు చుట్టుపక్కల చెరకు తెలియని ఇల్లు లేదు. పది పన్నెండు నెలలు నిండకుండా నరికిన గడలో రసం ఉంటుంది గానీ పంచదార తక్కువని మన పిల్లలు కూడా చెప్తారు. మరీ ముదిరి పూత వేసిన గడ బెండు పడుతుంది. ఇంత తెలిసి కూడా నేలవేము దగ్గర పప్పులో కాలేశాం.

జరిగింది దాచకుండా చెప్తాం. గట్ల వెంబడి, పెరళ్లలో వేసిన నేలవేము ఏపుగా పెరిగి పూతకొచ్చింది. కోసేద్దామని కొందరం అన్నాం. ఇంకో నెల ఆగితే తూకం పెరుగుతుందని ఎక్కువమందిమి అన్నాం. ఆగాం. కాయ కట్టింది, ఆకు రాలింది. ఎండబెట్టి తీసుకెళ్తే, కొనే ఆయన గోతాంలో చెయ్యి పెట్టి "ఇదంతా పుల్లేనమ్మా" అన్నాడు. అనుకున్న ధరలో సగం కూడా రాలేదు. వారం రోజులు ఆయన్ని తిట్టుకున్న మాట నిజమే. తర్వాత ఆరా తీస్తే తప్పు మాదే.

నేలవేముకి చేదునిచ్చే ఆండ్రోగ్రాఫోలైడ్ ఎక్కువగా ఆకులోనే ఉంటుంది. 90 నుంచి 120 రోజుల మధ్య, పూత మొదలయ్యే వేళకి అది బాగా ఉంటుంది. తర్వాత మొక్క బలం గింజకు పోతుంది, ఆకు రాలిపోతుంది. నేల ఉసిరిని కూడా సుమారు మూడు నెలలకి, ఆకు పచ్చగా ఉండగానే తీయాలి. తులసిలో నూనె నిండు పూత మీద ఎక్కువ.

వేళ్ల సంగతి వేరు. అశ్వగంధని 5, 6 నెలలకి, ఆకు ఎండి పండ్లు ఎర్రబడ్డాక తవ్వాలి. పుటుక్కున విరిగి లోపల తెల్లగా పిండిలా ఉండే వేరుకే ధర. ఇంకా ఉంచితే పీచు పడుతుంది. సర్పగంధకి, పిల్లిపీచరకి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు ఓపిక పట్టాలి. మన లంకల్లో పసుపు చూడండి, ఆకు పండి వాలకముందే తవ్వితే వండి ఎండబెట్టాక కొమ్ము ముడతలు పడి తేలిపోతుంది.

కోశాక కూడా వయసు లెక్కే. ఎండు మూలిక ఏడాది దాటితే, పొడి రెండు నెలలు దాటితే గుణం తగ్గుతుందని శార్ఙ్గధర సంహిత చెప్తుంది. తిప్పతీగ, అడ్డసరం పచ్చివే వాడమంటుంది. పిప్పళ్లు, వాయువిడంగాలు, బెల్లం మాత్రం పాతవే మేలట. (మన బెల్లానికి అక్కడా చోటుంది!) అందుకే ఇక మా పొడి ప్యాకెట్ల మీద కోసిన తేదీ, దంచిన తేదీ రెండూ వేస్తాం.

ఇప్పుడు అసలు ఇబ్బంది. లేతగా తవ్వేది తెలియక కాదు. నెల తిరిగేసరికి వాయిదా కట్టాలి, పిల్లల ఫీజు కట్టాలి. మాలో ఒకామె అశ్వగంధని నాలుగో నెలలోనే తవ్వేసింది. ఎందుకో మాకు తెలుసు, ఆమెని ఒక్క మాట అనలేం. కాబట్టి మూలికల సాగుకి సంఘం నిధి నుంచి ఇచ్చే అప్పులో అసలు వాయిదాలు కోత తర్వాతే మొదలవ్వాలి, అప్పటిదాకా వడ్డీ మాత్రమే కట్టించుకోవాలి. ఏడాది కౌలు మీద చేసేవాళ్లకి రెండేళ్ల పంటలు ఎవరూ అంటగట్టొద్దు. వాళ్లకి నేలవేము, తులసి చాలు.

నాటిన తేదీని ఇకపై ప్రతి సంఘం మినిట్స్ పుస్తకంలో రాయించే బాధ్యత మేం తీసుకుంటున్నాం. అప్పు వాయిదాల తీర్మానాన్ని సభ ముందు ఉంచుతున్నాం. ఒప్పుకునేవారు చేతులెత్తాలని కోరుతున్నాం.