‘ఐటిస్’ అనే తోక

ఆర్థరైటిస్, హెపటైటిస్, టాన్సిలైటిస్, అపెండిసైటిస్ అన్నీ ‘ఐటిస్’తోనే ముగుస్తాయి. గ్రీకులో ఈ ప్రత్యయానికి ‘ఫలానాదానికి చెందిన’ అనే అర్థమే ఉండేది. పక్కన ‘జబ్బు’ అనే మాట చేరేది. రానురాను ఆ మాట జారిపోయి, దాని బరువంతా ప్రత్యయం మీద పడింది. ఇవాళ వైద్యంలో దానర్థం మంటతో కూడిన వాపు. గ్రీకులో ‘ఆర్థ్రాన్’ అంటే కీలు, ‘హెపార్’ అంటే కాలేయం. ఇక ఆర్థరైటిస్ కీళ్ల వాపనీ, హెపటైటిస్ కాలేయపు వాపనీ ఎవరైనా విడమరిచి చెప్పాలా? అందుకే పిల్లల చేత మాటల పట్టికలు బట్టీ పట్టించేకంటే ప్రత్యయాలను పరిచయం చేయడం మేలంటాను.

తోకను నమ్ముకుంటే మోసపోమా అని అడగవచ్చు. నిజమే, చెవిలో హోరుకు పేరైన ‘టినిటస్’ను కొందరు ‘టినైటిస్’ అని పలుకుతారు. అది గణగణ మోగడమనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి వచ్చింది. వాపుతో దానికి సంబంధం లేదు, స్పెల్లింగులో చివరి అక్షరాలూ వేరే. పైగా ‘ఐటిస్’ జబ్బుకు కారణం చెప్పదు. హెపటైటిస్ వైరస్ వల్ల రావచ్చు, మద్యం వల్లా రావచ్చు, తేల్చాల్సింది పరీక్షలే. అయినా పేరు వినగానే ఏ అవయవం సంగతో తెలిస్తే, డాక్టరును తర్వాతి ప్రశ్న అడగడానికి నోరు పెగులుతుంది.