బీఏ చదివితే ఏమొస్తుంది?

ఇంటర్ ఫలితాలు రాగానే చాలా ఇళ్లలో ఇదే చర్చ. పిల్లవాడు బీఏలో చేరతానంటే చాలు, "అది చదివి ఏం చేస్తావురా?" అంటారు.

సరే, ఏం చేయొచ్చో చూద్దాం. సివిల్ సర్వీసెస్ రాయడానికి ఏ డిగ్రీ అయినా చాలు. గ్రూప్-1, గ్రూప్-2లోనూ చాలా పోస్టులకు అంతే. మరి ఆ పరీక్షల్లో ఎక్కువగా అడిగేదేమిటి? చరిత్ర, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ. బీఏ విద్యార్థి చదివేదీ చాలావరకు ఇవే. ఇంజనీరింగ్ చేసినవాళ్లు కోచింగ్‌లో చేరి, వీటినే మొదటినుంచి మొదలుపెడతారు. తెలుగు సాహిత్యాన్ని కూడా సివిల్స్‌లో ఆప్షనల్‌గా తీసుకోవచ్చు.

లాసెట్ రాస్తే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. ఎడ్‌సెట్ రాస్తే బీఈడీ. ఐసెట్ రాస్తే ఎంబీఏ.

అయితే ఒక మాట. గైడ్లు బట్టీపట్టి తెచ్చుకున్న బీఏకు విలువ తక్కువే. కొత్తలో జీతం కూడా ఇంజనీరు కన్నా తక్కువ ఉండొచ్చు. దాచడమెందుకు? ఈ చదువు బలం వేరేచోట ఉంది. లావుపాటి ఫైలు చదివి, సారాంశం అరపేజీలో రాయగలగాలి. ఇద్దరి వాదనా విని, ఎవరి మాటకు ఆధారం ఉందో చెప్పగలగాలి. తహసీల్దారుకైనా, విలేకరికైనా, లాయరుకైనా రోజూ ఉండే పని ఇదే. చదవడం, రాయడం, వాదన తూచడం. బీఏలో శ్రద్ధగా నేర్చుకోవలసింది కూడా ఇదే.

కాబట్టి తల్లిదండ్రులారా, పిల్లలు బీఏ అంటే వెంటనే కాదనకండి. ఆ కాలేజీలో అధ్యాపకులున్నారా, లైబ్రరీ తెరిచి ఉంటుందా, అది ముందు కనుక్కోండి.