సగటు లెక్కలో మన మంఖాల్ ఎక్కడ?

(మంఖాల్ విద్యా చైతన్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి, ముడిసరుకుల కంటే విద్య, నైపుణ్యం, పరిశోధన ఎక్కువ సంపదను సృష్టించే వ్యవస్థను జ్ఞాన ఆర్థిక వ్యవస్థ అంటారు. దాన్ని కొలిచేందుకు ప్రపంచ బ్యాంకు నాలుగు అంశాలను ఎంచుకుంది: ఆర్థిక, పాలనా వ్యవస్థల తీరు; విద్య, నైపుణ్యాలు; నూతన ఆవిష్కరణలు; సమాచార సాంకేతిక సదుపాయాలు. మన దేశంలో నీతి ఆయోగ్ రాష్ట్రాలవారీగా ఆవిష్కరణల సూచీని వెలువరించింది. 2021 సూచీలో పెద్ద రాష్ట్రాల వరుసలో కర్ణాటక తర్వాతి స్థానం తెలంగాణదే. తలసరి ఆదాయంలో రాష్ట్రంలోకెల్లా ముందున్నది మన రంగారెడ్డి జిల్లా.

సంతోషం. అయితే గచ్చిబౌలి ఐటీ సంస్థలూ మన మంఖాలూ ఒకే జిల్లా పద్దులో ఉన్నాయి. అక్కడి రాబడిని మన తలలతో కలిపి భాగిస్తే వచ్చేదే ఆ సగటు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైంది. రావిర్యాల వైపు ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలు వచ్చాయి. సూచీలు సంస్థలను లెక్కిస్తాయి. వాటిలో ఎవరి బిడ్డ ఇంజనీరుగా చేరింది, ఎవరి బిడ్డ గేటు వద్ద కాపలాకు నిలిచాడు అన్నది మాత్రం లెక్కించవు.

విడిగా లెక్కిస్తేనే నిజం బయటపడుతుంది. 2006లో సచార్ కమిటీ చేసిన మేలు అదే. ఉన్నత విద్యపై అఖిల భారత సర్వే ప్రకారం 2019-20లో 21 లక్షలున్న ముస్లిం విద్యార్థులు 2020-21లో 19.21 లక్షలకు తగ్గారు. జనాభాలో మన వాటా 14 శాతం పైగా ఉంటే, కళాశాలల్లో 5 శాతం కూడా లేదు. మొత్తం విద్యార్థుల సంఖ్య పెరిగిన ఏడాదిలోనే మన సంఖ్య తగ్గింది.

2024లో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి సర్వే జరిపింది. రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతమని తేల్చింది. ఆ సర్వేలో చదువు, ఉద్యోగాల వివరాలు కూడా సేకరించారు. వాటిని ఊళ్లవారీగా, వర్గాలవారీగా ప్రజల ముందుంచాలని వినతిపత్రం ఇద్దాం. అంతవరకు చేతులు కట్టుకుని కూర్చోనక్కర లేదు. మనమే ఇంటింటికీ వెళ్లి నాలుగు ప్రశ్నలు అడుగుదాం: పదవ తరగతి తర్వాత చదువు ఆపినవారెందరు? ఆడపిల్లల్లో డిగ్రీ చేరినవారెందరు? ఇంట్లో కంప్యూటర్ ఉందా? చుట్టుపక్కల పరిశ్రమల్లో ఎవరు ఏ ఉద్యోగంలో ఉన్నారు?

దశాబ్దాల పాటు ప్రభుత్వ కార్యాలయాల్లో పట్టికలు రాసిన మాకు తెలిసిన సంగతి ఒక్కటే. పట్టికలో గడి లేనివారికి బడ్జెట్‌లో పద్దు ఉండదు. ముందు ఆ గడి సంపాదించుకుందాం.