అన్న గడప కోసం

 

నేను సబ్ రిజిస్ట్రారుగా పనిచేసి రిటైరైనదాన్ని. అమ్మకాలు, తనఖాలు, దానాలు నా బల్ల మీద ఎన్నో నడిచాయి. ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వంది ఒక్క దస్తావేజే: హక్కు విడుదల. అన్న ముందు వస్తాడు, వెనక చంకలో బిడ్డతో చెల్లెలు. తన భాగం అన్నకు వదిలేస్తున్నట్టు లేఖరి రాసిన కాగితం. నేను అడగాల్సింది ఒకటే: "ఇది నువ్వు రాసిచ్చిందేనా?" ఆమె అన్న ముఖం చూసి తలూపుతుంది. వేలిముద్ర పడుతుంది.

ఆ భాగం ఊరికే రాలేదు తల్లీ. వీలునామా లేకపోతే తండ్రి స్వార్జితంలో కూతురికి సమాన వాటా అని 1956 హిందూ వారసత్వ చట్టం చెప్పింది. పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం కొడుకులకే ఉంచింది. దాన్ని కూతుళ్లకూ ఇచ్చిన మొదటి రాష్ట్రం మనదే. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్లయిన వాళ్లకు వర్తించదన్నారు. ఒకే తల్లి బిడ్డలే, 1984లో పెళ్లయిన అక్కకు ఆ హక్కు రాలేదు, 1987లో పెళ్లయిన చెల్లెలికి వచ్చింది! కుప్పం దాటి కర్ణాటకలోకి పోతే 1994 దాకా ఎవరికీ లేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం ఆ పెళ్లి షరతు ఎత్తేసింది. ఆ రోజుకు తండ్రి బతికుండాలా అన్న పేచీని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చింది: అక్కర్లేదు, అది పుట్టుకతో వచ్చిన హక్కు.

ఇన్నేళ్లు పట్టి వచ్చింది నా బల్ల మీద పది నిమిషాల్లో పోయేది.

ఒకరోజు ఉండబట్టలేక అన్నను బయట కూర్చోమని, ఆ పిల్లను అడిగాను, ఇష్టమేనా అని. "రేపు మా ఆయన తరిమితే యాడికి పోయేదమ్మా? అన్న గడప ఉండాల గదా" అంది. భూమి ఇచ్చి పుట్టింటి గడప కొనుక్కుంటోంది. నా దగ్గర జవాబు లేదు. రిజిస్టరు చేశాను.

అందుకే అడుగుతున్నా. పట్టాలందుకున్న అమ్మాయిలూ, ఇంత చదివారు, మీ నాయన పేరిట ఉన్న అడంగల్ ఒక్కసారైనా చూశారా? సర్వే నంబరు తెలుసా? తెలీదు! ఇంటికెళ్లి ఈ రాత్రే చూడండి. అబ్బాయిలూ, మీరు దిక్కులు చూడొద్దు. చెల్లెల్ని ఆ ఆఫీసుకు బండెక్కించుకొచ్చేది మీరే. "కట్నం ఇచ్చాం గదా" అంటారు. కట్నం 1961 నుంచి నేరం నాయనా, దాన్ని ఆమె వాటా కింద ఎట్లా జమకడతావు? వాటా ఇచ్చాక కూడా పండక్కి పిలువు. ఆ పిల్ల భయం ఆ పిలుపు గురించే.

మా నాయన పోయాక మా తమ్ముడూ కాగితం తెచ్చాడు. నేను సంతకం పెట్టలేదు. రెండేళ్లు మాటల్లేవు. ఆ రెండు ఉగాదులూ ఇంట్లో ఒక్కదాన్నే ఏడ్చాను. మూడో ఏడు వాడే వచ్చి గడపలో నిలబడ్డాడు. "అక్కా, ఈసారి నీ చేన్లో టమాటా వేస్తా, కౌలు ఎంతో చెప్పు" అన్నాడు.