గారెను గారె అనే పిలుద్దాం
(ఫార్మింగ్టన్ హిల్స్ సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

సాయంకాలపు తరగతిలో కూర్చుని తెలుగు నేర్చుకున్న మూడవ తరం వాళ్లం మేము. తప్పులుంటే మన్నించండి.

ఇక్కడ ఆకులు రంగు మారగానే పిల్లలతో పొరుగున ఉన్న ఫ్రాంక్లిన్ సైడర్ మిల్లుకు వెళ్తాము. 1837లో కట్టిన మిల్లు అది. ఆపిల్ రసం, వేడి డోనట్లు లేనిదే మిషిగన్‌లో శరదృతువు వచ్చినట్లుండదు.

డోనట్‌కూ చరిత్ర ఉన్నది. 1917లో ఫ్రాన్సు యుద్ధరంగంలో సాల్వేషన్ ఆర్మీ స్త్రీలు సైనికులకు వీటిని వేయించి పెట్టారు. వారి జ్ఞాపకార్థం 1938లో షికాగోలో డోనట్ దినం మొదలైంది. నేటికీ జూన్ మొదటి శుక్రవారం జరుపుతారు.

చిన్నతనంలో మేము బడికి గారెలు తీసుకుపోయి, తోటిపిల్లలు నవ్వుతారని "డోనట్లు" అని చెప్పాము. అది విని మా నాయనమ్మ, "ఏం, దానికి పేరు లేదా?" అన్నది. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉన్నది.

రెండింటికీ చిల్లు ఒకందుకే, నడుమ పచ్చి లేకుండా వేగాలని. కాని అది గోధుమపిండితో చేసిన తీపి. ఇది రుబ్బిన మినప్పప్పు. తడి చేతిమీద తట్టి, వేలితో చిల్లు పెట్టి, నూనెలోకి జార్చేది.

హామ్‌ట్రామిక్‌లోని పోలిష్ వారిని చూడండి. ఈస్టరు ముందరి ఉపవాసాలు మొదలయ్యే ముందు చేసుకునే తమ వంటకాన్ని "పూంచ్‌కీ" అనే పిలుచుకున్నారు. దానికి చిల్లు ఉండదు, లోపల జాము ఉంటుంది. ఇవాళ ఈ చుట్టుపక్కల అందరూ ఆ పేరుతోనే అడిగి కొంటున్నారు.

పిల్లలను డోనట్లు తిననివ్వండి, మేమూ తింటాము. కాని ఈ సంక్రాంతికి వారిచేతనే గారెలు తట్టించండి. తట్టేటప్పుడు ఆ పేరూ పలికించండి. సెలవు.