మత్తుపదార్థముల నిరోధము – గ్రామముల కర్తవ్యము



మత్తుపదార్థముల విషయమున ప్రభుత్వము చేయు పని రెండు తెరగులు. సరకు రాకుండ అడ్డుకొనుట యొకటి. దానికి లోబడినవానిని మరల మనిషిని చేయుట రెండవది. మొదటిదానిని ఎల్లరు నెఱుగుదురు. రెండవదాని నెఱిగినవారు తక్కువ.

1985లో పార్లమెంటు చేసిన మాదకద్రవ్యముల చట్టము ప్రకారము, 20 కిలోలకు మించిన గంజాయితో పట్టుబడినవానికి పదేండ్లకు తక్కువకాని కఠినశిక్ష తప్పదు. కూలికాసపడి మూట మోసినవానికిని ఆ శిక్షయే. సరకు యజమాని ఎక్కడనో యుండును. చెఱసాల పాలగువాడు పేదవాడు. తోట వేసినట్లు తెలిసినచో వెంటనే తెలుపవలసిన బాధ్యతను ఆ చట్టమే సర్పంచిమీదను, గ్రామోద్యోగులమీదను ఉంచినది.

2021లో విశాఖ మన్యమున పోలీసులు 'పరివర్తన' యను పేర వేలాది యెకరముల గంజాయి తోటలను నఱికించిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి చెంత రెండు లక్షల కిలోల సరకును దగ్ధ మొనర్చిరి. అయినను మొక్కను నఱికినంతమాత్రమున గిరిజనుని కడుపు నిండదు. కావుననే కాఫీ, మిరియము, పసుపు మొదలగు పైరులను చూపవలసివచ్చినది. వేఱొక పంట నిలుపనిచోట పాత విత్తనమే మరల మొలచును.

మనుష్యుని విషయమును అట్టిదే. కుమారుడు మత్తునకు లోబడెనని తెలిసిన తలిదండ్రులు, గాలి సోకినదందురు. పెండ్లి చేసిన బాగుపడునందురు. నలుగురిలో పరువు పోవునని తలుపు మూయుదురు. చట్టము మాత్రము ఒక తలుపు తెరచియే యుంచినది. మత్తు సేవించిన నేరమునకుగాని, స్వల్ప పరిమాణము కలిగియున్న నేరమునకుగాని గురియైన వ్యసనపరుడు, తానై ప్రభుత్వము గుర్తించిన వైద్యశాలకు పోయి చికిత్స పొందినచో, ఆ నేరమునకై వానిని విచారింపరాదని 64ఎ సెక్షను చెప్పుచున్నది. చికిత్సను నడుమ విడిచినచో ఆ రక్షణ తొలగవచ్చును. సరకు అమ్మువానికి ఈ మినహాయింపు లేదు.

కలి యావేశించిన నలుడు జూదమున రాజ్యము గోల్పోయి, నట్టడవిలో భార్యనే విడిచిపోయెను. దమయంతి పరువు పోవునని ఊరకుండలేదు. దిక్కుదిక్కులకు మనుష్యులను పంపి వెదకించెను. వెదకించినందుననే నలుడు మరల నలుడయ్యెను.

వ్యసనమునుండి విడిపించుటకు ప్రభుత్వము ఏర్పఱచిన ఉచిత టెలిఫోను సంఖ్య 14446. ఇరువదియైదేండ్లుగ ఊరికి అక్షరము పంచిన ఈ గ్రంథాలయపు గోడమీద ఆ ఐదంకెలను వ్రాయించుడు. పగలు అడుగ సిగ్గుపడు తండ్రి, పత్రిక చదువు నెపమున వచ్చి చూచుకొని పోవును.