నాలుగవ జబ్బు

(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



నేను పండితుణ్ణి కాను. మెట్రిక్ వరకు చదివి రైల్వేలో గుమాస్తాగా పనిచేస్తున్నవాణ్ణి. పద్యం చదవలేను, పాట పాడలేను. అందుచేత కార్యదర్శిగారు "నీకు బాగా తెలిసిన విషయం చెప్పవయ్యా" అన్నారు. నాకు బాగా తెలిసినది జబ్బు ఒక్కటే. పండుగపూట జబ్బు మాటలేమిటని అనుకోవచ్చును. కాని యేటేటా మన ఆడపడుచులు నా వంతు పచ్చడిలో వేపపువ్వు పెంచి, బెల్లం తగ్గించి ఇస్తూనే వున్నారు. నాకు జబ్బు వున్న సంగతి యీ సభలో తెలియనివారు లేరు. తెలియనిది మరొకటి వుంది. అది చెప్పడానికే నిలబడ్డాను.

మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లానుంచి వచ్చి ఖుర్దా రోడ్డులో ఫిట్టరుగా పనిచేశారు. నేను యీ జట్నీ కాలనీలోనే పుట్టాను. నాలుగో యేట ఉబ్బసం పట్టుకున్నది. తొమ్మిదో యేట, 1998లో, చక్కెర వ్యాధి వచ్చింది. ఇది పెద్దవాళ్ళలో తరచు చూసే రకం కాదు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను శరీరమే పొరపాటున నాశనం చేసుకునే మొదటి రకం. దీనికి మాత్రలతో గడవదు, రోజూ సూదిమందు పడవలసిందే. మిఠాయిలు తినిపించినందువల్ల వచ్చిందని ఇరుగుపొరుగువారు అంటే అమ్మ నమ్మి, యేళ్ళ తరబడి తన్ను తానే నిందించుకున్నది. అది నిజం కాదు. పదునాలుగో యేట థైరాయిడ్ గ్రంథి మందగించింది. మొదటిరకం చక్కెర వున్నవారికి ఇదికూడా తోడుకావడం కద్దు.

1999 అక్టోబరు 29నాటి పెనుతుపాను మీలో చాలామందికి జ్ఞాపకమే. రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్సులిన్ చెడిపోకుండా నాన్నగారు సీసాను చిన్న డబ్బాలో పెట్టి, తడి ఇసుక పోసిన మట్టికుండలో దాచారు. రాత్రులు లేచి కుండ చల్లగా వున్నదో లేదో తడిమి చూసేవారు. ఒంటి జబ్బుకు మా ఇంట లోటు జరగలేదని చెప్పడానికి ఇది చెబుతున్నాను. మనసు జబ్బుకు మాత్రం ఏ కుండా లేకపోయింది.

అది ఎప్పుడు మొదలైందో చెప్పలేను. పదకొండు పన్నెండేళ్ళకే బడినుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. "ఏటిరా నాన్నా, అలా గుబులుగా కూకున్నావు?" అని అమ్మ అడిగేది. సూది భయమని ఒకరు, చదువు భయమని ఒకరు అన్నారు. 2011లో నాన్నగారు పోయారు. మరుసటి యేడు కారుణ్య నియామకం మీద చేరి, తరువాత శాఖాపరీక్ష వ్రాసి గుమాస్తానయ్యాను. చక్కెర పడిపోయిన రోజున ధైర్యంగా సిక్ మెమో అడిగేవాణ్ణి. గుబులుతో మంచం దిగలేని రోజున మాత్రం కడుపునొప్పి అని చెప్పేవాణ్ణి.

2016లో ఒకసారి సూది వేసుకోవడం మానివేశాను. మరచిపోయి కాదు. ఇంతకంటె చెప్పను. అమ్మ గమనించి పొరుగువారిని కేక వేయబట్టి యీనాడు మీ ముందు వున్నాను. తేరుకున్నాక డాక్టరుగారు "ఎన్ని యూనిట్లు?" అని అడగలేదు. "నిద్ర పడుతున్నదా? బ్రతకాలని వున్నదా?" అని అడిగారు. అన్నేళ్ళలో నన్ను ఆ ప్రశ్న వేసినవారు లేరు. ఆయన ఒడియావారు. నేను ఒడియా బాగానే మాట్లాడతాను, ఆఫీసు వ్యవహారమంతా అందులోనే నడుపుతాను. అయినా నోరు పెగలలేదు. "మన భల నాహీ" అన్నాను. మనసు బాగులేదని. అమ్మ అన్న "గుబులు" ఆ మాటలో ఇమడలేదు.

థైరాయిడ్ మందగించినా మనసు కుంగుతుంది. అందుచేత ముందుగా రక్తపరీక్ష చేయించి ఆ మందు మోతాదు సరిచేశారు. గుబులు పోలేదు. అప్పుడు మానసిక వైద్యుని వద్దకు పంపారు. ఆ మాత్రలు మొదటి రెండు మూడు వారాలు పనిచేసినట్లే తోచలేదు. తరువాత ఒకనాటి ఉదయం, చక్కెర లేని టీయే అయినా, రుచి తెలిసింది. ఆ మాత్రలు మన ఇష్టంవచ్చినట్లు ఉన్నట్టుండి మానరాదని కూడా అప్పుడే తెలుసుకున్నాను.

నేను నేర్చుకున్నది ఒక్కటే. గుబులు మిగతా మూడు జబ్బుల నీడ కాదు, అదే ఒక జబ్బు. దీర్ఘవ్యాధులున్నవారికి ఇది ఎక్కువగా వస్తుంది. వస్తే మందుల మీద శ్రద్ధ పోతుంది, చక్కెర పెరుగుతుంది, పెరిగిన చక్కెర మనిషిని మరింత కుంగదీస్తుంది. కాబట్టి నాలుగు జబ్బులకూ నాలుగు పద్దులు వ్రాసుకోవాలి. నయమైపోయిందని నేను చెప్పను. నిరుడు వానాకాలంలో మళ్ళీ నెలరోజులు కుంగిపోయాను. అయితే యీసారి కడుపునొప్పి అనలేదు. ఉన్నమాట చెప్పి సిక్ మెమో అడిగాను. చెయ్యి వణికింది. మెమో మాత్రం మామూలుగానే వ్రాసి ఇచ్చారు.

పెద్దలకు మూడు మనవులు. మొదటిది, యిటువంటివారిని "ధైర్యంగా వుండు" అనకండి. రోజుకు నాలుగుసార్లు తన ఒంట్లో తానే సూది గుచ్చుకునేవాడికి ధైర్యం తక్కువా? రెండవది, పెళ్ళిసంబంధం చెడుతుందని పిల్లల మనసు జబ్బు దాచి వైద్యం ఆపకండి. చట్టం కూడా మారింది. 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రాణం తీసుకోబోయినవాణ్ణి తీవ్రమైన మనోవేదనలో వున్నవాడిగానే ఎంచాలి, సంరక్షణ చూపాలి. మూడవది, 14416 అనే నంబరు గోడమీద వ్రాసిపెట్టుకోండి. ప్రభుత్వంవారు 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అది. డబ్బు అక్కరలేదు, తెలుగులోనూ మాట్లాడవచ్చును. పొరుగు రాష్ట్రంలో వుండి గుబులును గుబులు అనే చెప్పుకోగలగడం ఎంత మేలో నాకు తెలుసు.

ఇక సెలవు తీసుకుంటాను. పచ్చడిలో బెల్లం తగ్గించే మీ దయ ఎప్పటివలె వుండనివ్వండి. దానితోపాటు "మనసు ఎలా వుంది బాబూ?" అని ఒక్కమాట అడగండి. నన్నే కాదు, మీ పక్కన కూర్చున్నవారినికూడా.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.